ఇన్యూట్ పిల్లల్లో ఊబకాయం, షుగర్: నునావుట్ వెళ్తున్న నర్సుకి నా జవాబు

అడిగింది కెనడాలోనే ఆరేళ్లుగా పనిచేస్తున్న మన తెలుగు నర్సు. వచ్చే నెల కెనడా ఉత్తరాన ఇన్యూట్‌లు (మంచు ప్రాంతపు ఆదివాసులు) ఉండే నునావుట్‌లో ఓ చిన్న ఊరి హెల్త్ సెంటర్‌లో చేరుతున్నారు. ఆమె సందేహం ఇది: “అక్కడి పిల్లల్లో సగం మందికి పైగా అధిక బరువే అంటున్నారు, షుగర్ ముప్పు ఉందంటున్నారు. తరతరాలుగా మాంసం, కొవ్వు తిని బతికినవాళ్లకి ఇప్పుడెందుకు వచ్చింది? జన్యువులా, తిండా? మన దగ్గర చెప్పినట్టు రాగులు, కూరగాయలు తినమని చెబితే పనవుతుందా? తల్లులతో ఏం మాట్లాడాలి?”

నేను డైటీషియన్‌ని. నునావుట్‌లోని బాఫిన్ ద్వీపం ఊళ్లలో నాలుగేళ్లు తిరిగాను. మీలాగే రాగుల ఆలోచనతోనే వెళ్లాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే ఒకటి చెప్పేస్తాను. పిల్లల విషయంలో మీరు రోజూ వాడే సాధనాలు రెండు: తూకం, రక్తపరీక్ష. అక్కడ ఈ రెండూ తప్పుదారి పట్టిస్తాయి, అదీ చెరోవైపుకి. తూకం లేనిపోని భయం పెడుతుంది. పరగడుపు రక్తపరీక్షేమో లేని ధైర్యం ఇస్తుంది.

తూకం సంగతి చూద్దాం. ఇన్యూట్‌ల శరీర నిర్మాణంలో నడుం పైభాగం పొడవు, కాళ్లు దానితో పోలిస్తే పొట్టి. బీఎంఐ లెక్కలో బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తాం కాబట్టి, కాళ్లు పొట్టిగా ఉన్న మనిషికి బీఎంఐ ఊరికే పెరిగి కనిపిస్తుంది. పెద్దవాళ్ల మీద చేసిన పరిశీలనల్లో ఒక సంగతి తేలింది. ఒకే బీఎంఐ ఉన్న యూరప్ మూలాల కెనడియన్‌తో పోలిస్తే ఇన్యూట్ మనిషికి బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) తక్కువగా ఉన్నాయి. మన సంగతి సరిగ్గా తలకిందులు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి బృందం చూపించినట్టు మన పిల్లలు పుట్టడమే సన్నగా పుడతారు, ఆ సన్నదనం లోపలే కొవ్వు దాచుకుంటారు. అందుకే భారతీయ పెద్దలకి బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటాం, 25 దాటితే ఊబకాయం అంటాం. ఆ కళ్లతో ఇన్యూట్ పిల్లని చూస్తే కంగారు పడతారు. నేనూ పడ్డాను. మొదటి నెలలో నాలుగేళ్ల పిల్లాడి చార్టు చూసి వాళ్లమ్మ ముందే ‘ఊబకాయం’ అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. పిల్లాడికి పార్కా (మంచుకోటు) తొడిగి తీసుకెళ్లిపోయింది, మళ్లీ ఏడాది దాకా నా గదివైపు రాలేదు.

అలాగని బరువుని పట్టించుకోవద్దని కాదు. 2007-08లో నునావుట్‌లోని 16 ఊళ్లలో, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 388 మందిని పరీక్షించారు. బీఎంఐ ప్రకారం సగానికి పైగా అధిక బరువు లేదా ఊబకాయం కోవలోకి వచ్చారు. కాళ్ల పొడవు తేడా తీసేసినా అది చిన్న సంఖ్య కాదు. కాబట్టి ఒక్కరోజు అంకెని పట్టుకోకండి, గీత ఎటు పోతోందో చూడండి. ఆర్నెల్లకోసారి అదే తూకం మీద, అదే ఎత్తు కొలతతో. గీత ఒక్కసారిగా పైకి లేస్తుంటే, నడుం చుట్టుకొలత పెరుగుతుంటే, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారుతుంటే, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ వచ్చి ఉంటే, అప్పుడు ఆ పిల్ల మీద కన్నేసి ఉంచాలి.

ఇక రక్తపరీక్ష. నాకు బాగా ఆసక్తి కలిగించిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

2014లో గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌ల మీద ఒక పరిశోధన వచ్చింది. టీబీసీ1డీ4 అనే జన్యువులో ఒక మార్పు వాళ్లలో చాలామందికి ఉంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని కండలు లాక్కోవాలి. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే కండ తలుపు తీస్తుంది, చక్కెర లోపలికి పోతుంది. ఈ మార్పు రెండు కాపీల్లోనూ (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) ఉన్నవాళ్లకి కండలోని ఆ తలుపు సరిగా తెరుచుకోదు. గ్రీన్‌లాండ్‌లో సుమారు నూటికి నలుగురిది ఈ పరిస్థితి. వాళ్లకి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా పది రెట్ల దాకా ఎక్కువ. ఆ గుంపులో 40 దాటినవాళ్లలో 60 శాతానికి పైగా షుగర్ ఉంది.

మీకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది. ఇబ్బంది కండల్లో ఉంది, కాలేయంలో కాదు. పరగడుపు చక్కెరని నడిపేది ఎక్కువగా కాలేయమే, అందువల్ల పరగడుపున చూస్తే చక్కెర మామూలుగానే ఉంటుంది. తిన్న రెండు గంటలకి మాత్రం ఆకాశానికి అంటుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చాలాసార్లు పట్టుకోదు. 2016లో ఉత్తర అమెరికా ఇన్యూట్‌ల మీద చేసిన పరిశోధనలో, ఈ మార్పు ఉండి షుగర్ లేదా షుగర్‌కి ముందు దశలో ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మంది, గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చేసే పరీక్ష లేకపోతే దొరికేవారే కాదని తేలింది. గర్భిణులకి మనం చేసే జీటీటీ అదే. కాబట్టి మీకు అనుమానం ఉన్న పిల్లకి ‘పరగడుపు నార్మల్’ అని రిపోర్టు వస్తే ఫైలు మూసేయకండి. ఫోన్‌లో పిల్లల డాక్టర్‌తో మాట్లాడి జీటీటీ అడగండి.

జన్యువుని తిట్టుకోవాల్సిన పని లేదు. పిండి, చక్కెర దాదాపు లేని తిండి మీద వేల ఏళ్లు బతికిన జాతికి కండలు చక్కెర లాక్కోకపోవడం లోటు కాకపోవచ్చు, ఉన్న కాస్త చక్కెర మెదడుకి మిగిలి ఉండొచ్చని ఒక ఊహ. ఇంకో మంచి మాట: కండ పనిచేసేటప్పుడు ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండా వేరే దారిలో చక్కెర లోపలికి పోతుంది. ఈ మార్పు ఉన్నవాళ్లకి నడక, ఆట మిగతావాళ్లకన్నా ఎక్కువ మేలు చేస్తాయని గ్రీన్‌లాండ్‌లో గమనించారు.

ఇంకో జన్యువు ఉంది, సీపీటీ1ఏ. కొవ్వుని కరిగించి వాడుకునే యంత్రాంగానికి సంబంధించింది. ఇందులోని ‘ఆర్కిటిక్ మార్పు’ నునావుట్‌లో చాలా సాధారణం. పెద్దయ్యాక సమస్య ఉండదు గానీ, పసిపిల్లలు జ్వరమో వాంతులో వచ్చి చాలాసేపు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అంటే లావుగా ఉన్నాడని రాత్రి పాలు మానిపించమనే సలహా అక్కడ చెప్పకూడదు. చిన్నపిల్లకి జీటీటీ చేసేటప్పుడు కూడా పరగడుపు గంటలు అవసరానికి మించి లాగకండి.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త. ఈ పిల్లల్లో ఇప్పటికే షుగర్ వెల్లువలా ఉందనుకోకండి. టైప్ 2 షుగర్ చిన్న వయసులోనే ఎక్కువగా కనిపిస్తున్నది మానిటోబా, వాయవ్య ఒంటారియోల్లోని ఫస్ట్ నేషన్స్ (ఇన్యూట్‌లు కాని ఇతర ఆదివాసులు) పిల్లల్లో. వాళ్లు వేరే ప్రజలు, వాళ్ల జన్యు కథ వేరు. దక్షిణాది ఆస్పత్రుల్లో అందర్నీ కలిపి ‘ఆదివాసీ పిల్లలు’ అని ఒకే పెట్టెలో పెట్టేస్తుంటారు. ఇన్యూట్ పిల్లల్లో ఈనాటి బరువు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఏమవుతుందన్నదే భయం. 1960ల ప్రాంతంలో గ్రీన్‌లాండ్‌లో వెతికితే షుగర్ దాదాపు దొరకలేదు. 2000 ప్రాంతానికి 35 దాటిన పెద్దల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంది. ఆ నలభై ఏళ్లలో జన్యువులు మారలేదు కదా.

మరి ఏం మారింది? ఓటో షేఫర్ అని ఉత్తరాన చాలాకాలం పనిచేసిన డాక్టర్ బాఫిన్ ద్వీపంలోని పాంగ్నిర్టంగ్‌లో చక్కెర వాడకం లెక్క రాసిపెట్టాడు. 1959లో మనిషికి ఏడాదికి సుమారు 12 కిలోలు. 1967కి 47 కిలోలు. ఎనిమిదేళ్లు! మధ్యలో జరిగింది ఊళ్లలోకి తరలింపు. మంచు మీద, గుడారాల్లో తిరిగే కుటుంబాలని ప్రభుత్వం బడి, ఆస్పత్రి, దుకాణం ఉన్న చోట స్థిరపరిచింది. పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచే రెసిడెన్షియల్ స్కూళ్లకి పట్టుకెళ్లింది. స్లెడ్జి కుక్కలు పోయాయి, పోలీసులు చంపినవి చాలా ఉన్నాయి. కుక్కలు లేకపోతే వేట లేదు. వేటకి స్కిడూ (మంచు మీద నడిచే మోటారు బండి) కావాలి, స్కిడూకి పెట్రోలు కావాలి, పెట్రోలుకి డబ్బు కావాలి. సీల్ (మంచు సముద్రపు జంతువు) తోళ్లు అమ్మితే వచ్చే ఆ కాస్త డబ్బు కూడా 1983లో యూరప్ పిల్ల సీల్ తోళ్ల దిగుమతి నిషేధించాక ఆవిరైంది. ఇన్యూట్‌లు వేటాడేది పెద్ద సీల్‌ని. అయినా మార్కెట్ మొత్తం కూలింది.

కాబట్టి ‘జన్యువులా, తిండా’ అంటే నా జవాబు: జన్యువు పాతదే, దాని ముందు పెట్టిన పళ్లెం కొత్తది. ఆ పళ్లెం ఎవరు నింపుతున్నారో చూడాలంటే దుకాణానికి వెళ్లండి.

చేరిన మొదటి వారంలోనే వెళ్లండి, నోట్‌బుక్ తీసుకుని. నునావుట్ వైశాల్యం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి ఏడు రెట్లకు పైగా. జనాభా 2021 లెక్కల్లో 36,858, మన దగ్గర ఒక మండలం పాటి. ఊళ్లు 25. ఏ ఊరి నుంచీ ఏ ఊరికీ రోడ్డు లేదు. తాజా సరుకంతా విమానంలో రావాలి. మంచు కరిగిన వేసవి నెలల్లో మాత్రం ఓడ వస్తుంది, సీలిఫ్ట్ అంటారు. డబ్బూ క్రెడిట్ కార్డూ ఉన్నవాళ్లు ఏడాదికి సరిపడా బియ్యం, పిండి, డబ్బాలు సీలిఫ్ట్‌లో తెప్పించుకుంటారు, వాళ్లకి చవక పడుతుంది. నెల జీతం, ప్రభుత్వ చెక్కు మీద బతికేవాళ్లు ఆ సరుకే దుకాణంలో విడిగా రెండు మూడు రెట్లకి కొంటారు. మన ఊళ్లో పావుకిలో పప్పు, షాంపూ ప్యాకెట్టు కొనేవాళ్లు కిలో ధర ఎక్కువిచ్చినట్టే. వాడిపోయిన లెట్యూస్ ధర చూశాక మీరు కూరగాయల మాట ఎత్తరు. చిప్స్, పాప్ (కూల్‌డ్రింకులు) మాత్రం చెడిపోవు, ఎప్పుడూ దొరుకుతాయి.

పైన చెప్పిన 2007-08 సర్వేలో తేలిన ఇంకో అంకె నాకు బీఎంఐకన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఆ చిన్నపిల్లల్లో దాదాపు 70 శాతం మంది ఇళ్లలో తిండికి భరోసా లేదు. లావు పిల్లలు, ఆకలి ఇళ్లు, రెండూ ఒకే ఇంట్లోనే. చెక్కు వచ్చిన వారం కడుపు నిండా, నెలాఖరులో నూడుల్స్, తీపి నీళ్లు. తల్లి తాను మానుకుని పిల్లకి పెడుతుంది, పెట్టేది అప్పుడు ఏది దొరికితే అది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2011 నుంచి న్యూట్రిషన్ నార్త్ అనే సబ్సిడీ ఉంది. డబ్బు దుకాణాలకి వెళ్తుంది, వాళ్లు ధర తగ్గించాలి. అదంతా నిజంగా కొనేవాళ్లకి చేరుతోందో లేదో తేల్చలేకపోతున్నామని 2014లో కెనడా ఆడిటర్ జనరలే రాశారు. తరవాత చాలా ఊళ్లలో పిల్లకి నెలకి 500 డాలర్ల తిండి కూపన్లు, నాలుగేళ్లలోపు పిల్లలకి ఇంకో 250 ఇచ్చారు. అది 2025 మార్చి 31తో ఆగిపోయింది. నా దృష్టిలో పదిమంది డైటీషియన్లు చేయలేని పని ఆ కూపన్ చేస్తుంది. ఈ మాట డైటీషియన్‌గానే అంటున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన రాగులు. సంతోషంగా తీసుకెళ్లండి, మీకోసం. రాగి, జొన్న అన్నీ చివరికి పిండి పదార్థాలే. పైన చెప్పిన జన్యు మార్పు రెండు కాపీలున్న పిల్లకి రాగిజావ అద్భుతం కాదు. పాలు తాగమని చెప్పడం కూడా ఆలోచించి చెప్పండి. ఎదిగాక చాలామంది ఇన్యూట్‌లకి పాలు అరగవు, మనలో చాలామందికిలాగే.

అక్కడ మంచి తిండి ఇప్పటికే ఉంది. కంట్రీ ఫుడ్ అంటారు: సీల్, కారిబూ (ఒక జాతి జింక), ఆర్కిటిక్ చార్ చేప, బెలూగా తిమింగలం. ఓ రోజు ఒకరింటికెళ్లి చూసేసరికి వంటగది నేల మీద అట్టపెట్టె చింపి పరిచారు, దాని మీద గడ్డకట్టిన చార్ చేప. ముసలావిడ ఊలూతో, అంటే అర్ధచంద్రాకారంలో ఉండే ఆడవాళ్ల కత్తితో, పల్చగా కోస్తోంది. చుట్టూ మనవలు. కోసిన ముక్క కోసినట్టే నోట్లోకి. కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయ కోస్తుంటే ముక్కల కోసం చుట్టూ మూగే మన పిల్లలే గుర్తొచ్చారు. ఆ గదిలో ఒక్కడి చేతిలోనూ పాప్ డబ్బా లేదు. చేప అయిపోయేదాకా ఎవడూ అడగలేదు కూడా.

మాక్తాక్ (తిమింగలం చర్మం, దాని కింది కొవ్వు) చూసి ‘అబ్బో, కొవ్వు’ అనకండి. అందులో విటమిన్ సి ఉంది, నిమ్మకాయ మొలవని దేశంలో వాళ్లని స్కర్వీ నుంచి కాపాడిన వాటిలో అదొకటి. సీల్ మాంసంలో ఇనుము ఎంతంటే ముక్క నల్లగా కనిపిస్తుంది. రక్తహీనత ఎక్కువగా ఉన్న పిల్లలకి ఇది చాలా మంచి తిండి. జాగ్రత్త ఒక్కచోట: పాదరసం. పెద్ద జంతువుల్లో, కాలేయంలో ఎక్కువ పేరుకుంటుంది. బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్లు రింగ్డ్ సీల్ కాలేయం బదులు మాంసం తినాలని నునావుట్ ఆరోగ్య శాఖే చెప్పింది. చార్ చేప విషయంలో ఆ భయం తక్కువ. నునావిక్‌లో (ఉత్తర క్యూబెక్‌లోని ఇన్యూట్‌ల ప్రాంతం) అయితే గర్భిణులకి చార్ చేపని ఊరికే పంచిపెట్టే పథకమే నడిపారు.

తల్లులతో మాట్లాడటానికి నాకు పనికొచ్చిన దారి ఒకటే: తీసేయమనే మాట పానీయం దగ్గర మాత్రమే, మిగతా అంతా కలపమనే మాటే. పాప్, పొడి కలిపే జ్యూస్ రెండూ ఒకటేనని చెప్పాలి. జ్యూస్ మంచిదని చాలామంది నమ్ముతారు. రాత్రి పాలసీసాలో తీపి నీళ్లు పోసి పడుకోబెట్టే అలవాటు ఉంటే ముందు దాన్నే పట్టుకోండి. పళ్లు పుచ్చిపోయి, మత్తిచ్చి పీకించుకోవడానికి విమానమెక్కే పిల్లలు అక్కడ తక్కువ కాదు. షుగర్ మాట వినని తల్లి పళ్ల మాట వెంటనే వింటుంది, ఎందుకంటే ఆ ఏడుపు ఆమె రాత్రంతా విన్నది. మరి నీళ్లు తాగమంటే? చాలా ఊళ్లలో నీళ్లు ట్యాంకర్‌తో వచ్చి ఇంటి ట్యాంకులో పడతాయి. ఆ వాసన పిల్లలకి నచ్చదు. 2021 అక్టోబర్‌లో రాజధాని ఇకాలుయిట్ నీళ్లలోనే ఇంధనం కలిసింది. మంచుగడ్డ తెచ్చి కరిగించిన నీళ్లంటే పెద్దవాళ్లకి ప్రాణం, పిల్లలూ తాగుతారు. అదేదో నేను చెప్పేకన్నా వాళ్ల తాత చేత చెప్పిస్తే పని జరిగింది.

తల్లిపాల గురించి అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బంధువుల్లోనే బిడ్డని పెంపకానికి ఇచ్చుకోవడం అక్కడ పాత ఆచారం, మర్యాదైన ఆచారం. మన దగ్గర పిన్నికో అత్తకో పెంపకానికి ఇచ్చినట్టే. పెంచుకునే తల్లికి పాలు ఉండవు, డబ్బా పాలు బోలెడు ఖరీదు. ‘పాలెందుకు ఇవ్వలేదు’ అని అడిగి నేను ఒకసారి నాలుక కరుచుకున్నాను.

పిల్లలతో మాట్లాడేటప్పుడు కళ్లు చూడండి. ఆరేళ్ల పిల్లని ‘రోజూ పాప్ తాగుతావా’ అని మూడుసార్లు అడిగాను. నోరు విప్పదు. మొండిది అనుకున్నాను. పక్కనున్న ఇంటర్‌ప్రెటర్ నవ్వి, ‘మూడుసార్లూ అవునంది’ అన్నది. కనుబొమలు పైకెత్తితే అవును, ముక్కు ముడిస్తే కాదు. మనం తల అడ్డంగా ఊపి ‘సరే’ అంటే కెనడావాళ్లకి అర్థంకాదే, అలాగన్నమాట.

ఆటల సంగతి: నడి శీతాకాలంలో కొన్ని ఊళ్లలో వారాల తరబడి సూర్యుడు కనిపించడు, బయట మైనస్ 30. ‘రోజూ నడవండి’ అంటే నవ్వుతారు. బడి జిమ్ము సాయంత్రాలు తెరిచి ఉంచమని ఊరి పెద్దల్ని అడగడం మీ చేతిలో ఉన్న పని. వేసవిలో ఎవరూ చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాకా వెలుతురే, పిల్లలు ఇళ్లలో ఉండరు. ఆగస్టులో బెర్రీలు ఏరడానికి ఊరంతా కొండెక్కుతుంది. మీరూ వెళ్లండి, క్లినిక్‌లో చెప్పని విషయాలు అక్కడ చెబుతారు.

చివరగా జీటీటీ పెట్టే రోజు. రక్తం శాంపిళ్లు విమానంలో పోవాలి, కాబట్టి విమానం ఏ రోజు వస్తుందో చూసుకుని దానికి ముందు రోజు పెట్టకండి, అదే రోజు పొద్దున్నే పెట్టండి. తుఫాను హెచ్చరిక ఉంటే ముందే వాయిదా వేయండి. పిల్లని పరగడుపున తీసుకొచ్చి, ఆ తీపి నీళ్లు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టాక విమానం రాలేదని మళ్లీ రమ్మంటే ఆ తల్లి రెండోసారి రాదు. నాకు అలా ఇద్దరు రాలేదు.